పదకొండో పేజీ

రాజోలు సెంటర్లో జిరాక్సు కొట్టు నాది.
అడంగళ్లూ, ఆధార్లూ, మార్కుల లిస్టులూ
అన్నీ నా అద్దం మీద బోర్లా పడుకుని లేచినవే.
మా మావయ్య మిలట్రీ డిశ్చార్జి పుస్తకం మాత్రం
ఎన్నిసార్లు పడుకోబెట్టినా
పదకొండో పేజీ దగ్గర నల్లమబ్బే దిగేది.
ఆ మబ్బుకి కూడా
బల్ల మీద రెండు రూపాయల బిళ్ల పెట్టేవాడు.
కోడలి కొట్టయినా సరే.

ఎనభై ఆరు వరదలో
ట్రంకుపెట్టె మూడు రోజులు నీళ్లకింద ఉందట.
లంకలో జనమంతా డాబాలెక్కితే
పుస్తకం ఒక్కటే తన పోస్టు వదల్లేదట.
ఇప్పటికీ మడత విప్పితే చిటికెడు ఒండ్రు రాలుతుంది,
అద్దం మీద గోదారి గరగరమంటుంది.

పేరు మిగిలింది: నేలపూడి దేవదానం, సాపర్.
ఎత్తు, ఛాతీ కొలత మిగిలాయి.
ఈత వచ్చునని ఎవరో రాసిన ముక్కా మిగిలింది.
డెబ్బై ఒకటిలో తూర్పున
పేరు నోరు తిరగని ఏటిమీద, రాత్రికి రాత్రి
పడవ పక్కన పడవ కట్టి వంతెన వేసినందుకు
ఇచ్చిన నక్షత్రం,
అదే పోయింది.
అక్కడి ఏరు దాటించినవాణ్ణి
ఇక్కడి ఏరు ముంచేసిందంటాను నేను.
మావయ్య నవ్వడు.
"ఏటికేం తెలుసమ్మా, అది చదువుకోలేదుగా."

బెంగుళూరు రికార్డాఫీసుకి మొదటి ఉత్తరం.
జవాబు: నకలు అస్పష్టం.
రెండోదానికి: దేవదాసం అను వ్యక్తి మా వద్ద లేరు.
మూడోది ఎటు పోయిందో.
నాలుగోదానికి: కూడా పనిచేసిన ఇద్దరి సాక్ష్యం జతపరచవలెను.

ఇద్దరెక్కడ? ఒక్కడున్నాడు, ఏటి అవతల.
సఖినేటిపల్లి రేవులో పంటెక్కాం.
మోటార్సైకిళ్ల మధ్య, మేకల మధ్య నిలబడి
మావయ్య నీళ్లకేసి చూశాడు,
పాత బాకీదారు ఎదురుపడ్డట్టు.

నర్సాపురంలో కొల్లాటి పెద్దిరాజు
చిరిగిన వల ఒళ్లో వేసుకుని అల్లుతున్నాడు.
చెవులు లేవు. పెద్దక్షరాలతో రాసి చూపించాను:
తూర్పు. వంతెన. పతకం.
"వీడా? ఆ రాత్రంతా నన్ను తిట్టాడమ్మా,
ముడి వదులుగా వేశానని.
ఆ తిట్లు కూడా రాయాలా?"
రాయమన్నాను. వేళ్లు వణుకుతూనే రాశాడు.
ముడి పేరు దగ్గర మాత్రం వణకలేదు.

రెండో సాక్షి గడిలో
అంతోణిసామి పేరు రాయమన్నాడు మావయ్య.
పాత గ్రూపు ఫొటోలో చివరివాడు,
వంతెన దాటి తిరిగి రానివాడు.
చచ్చినవాళ్లు పనికిరారు మావయ్యా అంటే
"రాయి. కాదని వాళ్లనే చెప్పనీ."

పద్నాలుగు నెలలకి కవరొచ్చింది.
సవరించిన పేజీ, తెల్లగా, గంజి పెట్టినట్టు.
నక్షత్రం ఉంది.
దానికింద ఇంకో వరస,
యుద్ధంలో గాయపడ్డవాళ్లకిచ్చే పతకం.
మోకాలి మచ్చ తడుముకున్నాడు.
"ఇది సెలవుల్లో కొబ్బరిచెట్టు మీంచి పడింది కదే!"

నేను గొంతు తగ్గించి అన్నాను,
ఉండనీ మావయ్యా, అడక్కుండా ఇచ్చారు,
ఇన్నేళ్లు తిప్పినందుకు వడ్డీ అనుకో.
చాలాసేపు మాట్లాడలేదు.
రోడ్డుమీద కొబ్బరికాయల లారీ ఒకటి వెళ్లింది.
"ఎవడిదో ఒకడిది అయ్యుంటుందిగా.
వాడి పేజీలో ఖాళీ ఉంటుంది ఇప్పుడు."

కీబోర్డు ముందుకు లాక్కున్నాను.
విషయం: పొరపాటున నా పేర చేరిన పతకమును
తొలగించుట గురించి.
అయ్యా, అని మొదలుపెట్టమన్నాడు.
తర్వాత ఏం చెప్పాలో తోచక
జేబులో బిళ్ల కోసం వెతుక్కుంటున్నాడు.