బట్టను బట్టి బిగువు

ఒమరూరు దాటాక తారు అయిపోతుంది.
అక్కణ్ణించి సముద్రం దాకా కంకరే,
బళ్లు తొక్కీ తొక్కీ
రుబ్బురోలులా గంట్లు పెట్టిన కంకర.

పొద్దున ఆరింటికి అక్క సామాను ఎక్కించాం.
ఇనుప మంచం, గ్యాసు పొయ్యి,
నాలుగు పెట్టెల్లో గుడ్డల తానులు,
అన్నిటికన్నా బరువు ఆ తొక్కుడు మిషను.
పికప్ వెనక కూలబడి ముక్కు పైకెత్తింది.
"హెడ్‌లైట్లతో గద్దలకి దారి చూపిస్తావా, ముహూకా?"
అంది జాకురామ. నవ్వాను.
పదకొండేళ్లు ఒకే దొడ్డి ఊడ్చినవాళ్లం.

తలుపు చట్రం మీద సగం చెరిగిన చీటీ:
తొట్టి ఖాళీ అయితే వెనక రెండు, నిండితే మూడు.
బంకులో హిస్కియా గొట్టం అందిస్తూ
"మూడు కొట్టు," అన్నాడు.
"తక్కువైతే టైరు పక్కలు నలిగి కాగుతాయి.
నువ్వు కుడి అంటే
బండి ఒక్క క్షణం ఆలోచించి కుడి అంటుంది.
ఆ ఒక్క క్షణం నీకుండదు."

మూడు కొట్టాను.
ఏమన్నా నడిచిందా ఆ రోజు!
మిషను బరువే బండిని నేలకేసి కుట్టినట్టు.
దారంతా అక్క కొట్టు గురించే మాట్లాడింది:
చేపల ఫ్యాక్టరీ ఆడవాళ్లకి జీతాలు శుక్రవారాలట,
ఒక్కో గౌనుకి పది మీటర్లు పడుతుందట,
తలకి కట్టే కొమ్ముల గుడ్డకి వేరే లెక్కట.
నేను రోడ్డు చూస్తున్నాను.

వాల్విస్ బేలో దించేసరికి సాయంత్రం.
మిషను నిలబెట్టగానే, ఇంకా చెప్పులైనా విప్పకుండా,
రెండు పీలికలు కుట్టి చూసుకుంది.
పట్టు ముడుచుకుపోయింది.
చిన్న మర అర చుట్టు వదులు చేసి
"కాన్వాసుకి పెట్టింది పట్టుకి పెడితే ఇంతే.
బట్టను బట్టి బిగువు," అంది,
నాతో కాదు, సూదితో.
నేను పుల్లటి పాలు తాగి, గ్లాసు కడిగి పెట్టి
బయల్దేరాను.

తీరం పక్క ఉప్పు రోడ్డు, పొగమంచు, నునుపు.
ఏమీ తెలియలేదు.
లోపలికి తిరిగి కంకర ఎక్కాక తెలిసింది.
ఖాళీ తొట్టి డప్పయింది.
వెనక చక్రాలు గంటు మీంచి గంటు మీదికి
గోళీల్లా ఎగురుతూ
నేలని ముట్టుకోవడం మానేశాయి.
వంపు వచ్చింది. ఎనభైలో ఉన్నాను.
ముందు భాగం నా మాట విని తిరిగింది.
వెనక భాగం
ఇంకా ఎవరినో దింపడానికి వెళుతున్నట్టు
తన దారిన తాను పోయింది.

బ్రేకు తొక్కలేదు. అంతవరకు బుద్ధి ఉంది.
కాలు తీసేశాను, చక్రం పట్టుకున్నాను,
ఒకసారి ఇటు, ఒకసారి అటు,
ఆగేసరికి ముఖం సముద్రం వైపుంది.
నా దుమ్ము నన్ను దాటుకుని
ఇంటివైపు వెళ్లిపోయింది.

దిగాను. మోకాళ్ల కింద రాళ్లు ఇంకా వెచ్చగా ఉన్నాయి.
అగ్గిపుల్లతో వాల్వు మొన నొక్కాను.
బుస్సుమంది.
అది పొద్దుటి ఒమరూరు గాలి.
ఆ మంచానికి, ఆ పొయ్యికి, ఆ మిషనుకి
లెక్కచూసి నింపిన గాలి.
వాళ్లు దిగిపోయారు, ఇది దిగలేదు.
ఆపి కొలిచాను. రెండున్నర.
మళ్లీ నొక్కాను. చెవి దగ్గర పెట్టి వింటూ
ఎంతసేపు కూర్చున్నానో.
ఒకటీ ఎనిమిది.
టైరు కొంచెం జారగిలబడి
నేల మీద అరచెయ్యి ఆనించినట్టు ఆనింది.
రెండోదీ అంతే. ముందువాటికి కాస్త కాస్త.

తర్వాత అరవై దాటలేదు.
గంట్లు ఉన్నాయి, కానీ ఒక్కొక్కటీ
లోపలికి ఇంకి పోయింది.
దొడ్డి చేరేసరికి చీకటి. మేకలు అరిచాయి.
తారు మీదికెళితే మళ్లీ గాలి కొట్టాలి,
హిస్కియాకి చెప్పాలి, అనుకున్నాను.

తొట్టి కింద వేలాడే ఐదో టైరు ఉంది కదా,
దాన్ని మాత్రం ముట్టుకోలేదు.
అందులో ఇంకా మూడే ఉంది.