మూతలో బెజ్జం

గుజ్జు ఫ్యాక్టరీ గేటుకు ఇంకా మూడు ఫర్లాంగులు.
నా టోకెను నూటా నలభై రెండు.
ట్రాలీలో నాలుగు టన్నుల బెంగుళూరా,
అడుగు కాయలు అప్పుడే నలిగి
తారురోడ్డు మీద బొట్టు బొట్టుగా తీపి.
ఈగలకు మాత్రం టోకెన్లు లేవు.

పావుగంట నడుస్తాది బండి.
ఆ తర్వాత ముసలాయన మాట మధ్యలో మరిచిపోయినట్టు
గొంతు సన్నబడి, రెండుసార్లు గతుక్కుమని
ఆగిపోతాది.
వెనక తమిళనాడు లారీవాడు హారన్ కొడతాడు.
నేను దిగి, టాంకి మూత తీసి, పుల్ల ముంచి చూస్తా.
డీజిల్ ఉండాది. సగానికి పైనే ఉండాది.
మూత బిగించి సెల్ఫ్ కొడితే
ఏమీ ఎరగనట్టు అందుకుంటాది.
మళ్ళీ పావుగంట.

మొన్న ఇట్నే ఆగితే
ఢిల్లీబాబును అడిగినా:
ఏం కలిపినావురా డీజిల్లో?
ఎన్ని లీటర్లు అమ్ముకున్నావు?
వాడు చేతిగుడ్డ నాలుగు మడతలు పెట్టి
బానెట్ మీద ఉంచి, దానిపైన తాళంచెవి ఉంచి,
బంగారుపాళ్యం బస్సు ఎదురొచ్చినా చెయ్యెత్తకుండా
నడిచే పోయినాడు.
ఆరేళ్ళు తోలినాడు నా బండి.

ఇప్పుడు చెంగల్రాయుడొచ్చినాడు,
మోపెడ్ హ్యాండిల్‌కు స్పానర్ల సంచి ఊగతా.
ఫిల్టర్ మార్చినావా?
మార్చినా.
గాలి తీసినావా?
తీసినా. బొటనవేలు బొబ్బలెక్కేదాకా చేతిపంపు నొక్కినా,
స్క్రూ దగ్గర నురగ పోయి నికరంగా ధార కట్టేదాకా.
రాగి వాచర్లు?
కొత్తవి.
పైపు?
నోటితో ఊదినా. రాత్రి తిన్న సంగటి గూడా డీజిల్ వాసనే.

ఆయన స్పానర్ బయటికి తియ్యనే లేదు.
ఆగనీ, అన్నాడు.
కానుగ చెట్టు నీడలో ఇద్దరం కూచున్నాం,
బీడీ ఒకటి కాలి, రెండోది సగమైంది.
బండి గతుక్కుమంది. ఆగింది.
అప్పుడు లేచి, టాంకికి చెవి ఆనించి,
మూత మీద వేళ్ళు పెట్టి
మెల్లిగా, ఇంకా మెల్లిగా, తిప్పినాడు.

ఉస్సుమని
గాలి లోపలికి పోయింది,
బావిలో మునిగిన పిల్లోడు తల పైకెత్తి పీల్చుకున్నట్టు.

మూత తిరగేస్తే
ఆవగింజంత బెజ్జం. దాని నిండా మట్టి.
కుమ్మరి పురుగు.
సీజను లేని నెలల్లో బండి షెడ్డులో పడుంటే
తడిమన్ను ఉండలు ఉండలుగా మోసుకొచ్చి
బిడ్డకు గది కట్టి, గడప పూడ్చి పోయింది.

లోపలికి గాలి పోతేనే కదబ్బా
బయటికి నూనె వచ్చేది, అన్నాడు చెంగల్రాయుడు.
పుల్ల ముంచిన ప్రతిసారీ
నా చేత్తోనే దానికి ఊపిరిచ్చి
నా చేత్తోనే మళ్ళీ గొంతు బిగించినానని
ఆయన చెప్పలేదు.
సైకిల్ చువ్వతో పొడిచినాడు.
అరచేతిలో రాలింది చిటికెడు ఎర్రమన్ను,
ఎండిపోయిన సాలీడు ఒకటి.
కూలి వద్దని, మెత్తబడని కాయలు నాలుగు ఏరుకొని పోయినాడు.

వరస కదిలింది.
అరగంట. ముప్పావుగంట. బండి ఆగలేదు.
ఆగుంటే బాగుండునని ఒక నిమిషం అనిపించింది,
ఎందుకో చెప్పను.

ఢిల్లీబాబు నంబరు నొక్కినా.
ఏమని మొదలుపెట్టేది? బెజ్జమనా, పురుగనా?
అవతల ఎత్తినాడు.
నేను మాట్లాడలేదు. వాడూ మాట్లాడలేదు.
చానాసేపటికి,
"నడస్తా ఉండాదే," అన్నాడు.

యాక్సిలేటర్ కొంచెం పెంచినా,
వాడికి ఇంకా బాగా వినపడేటట్టు.