నారింజ తాడు

ప్రదర్శనకి ముందు రోజు
మేకులు కొట్టడమే అసలు పని.
పాత హెర్రింగ్ చేపల గోదాం ఇది,
నూరేళ్ళ ఉప్పు తాగిన రాతిగోడ
ఒక పట్టాన ఏ మేకునీ ఒప్పుకోదు.
సుత్తి దెబ్బ పడ్డప్పుడల్లా
తెల్లటి పొడి నా జుట్టు మీద రాలుతుంది.
"ఇవాళ్టికి ముసలిదానివయ్యావు మెరన్" అంటాడు
కింద నిచ్చెన పట్టుకున్న ఎర్లెండ్.
అతనికి డెబ్బై తొమ్మిది.

ముప్ఫై ఒక్క ఏళ్ళు రేవులో టిక్కెట్లు చించాను.
చేతిలో మిగిలిన ముక్కల వెనక
ఎక్కేవాళ్ళ భుజమో, వీపో, కుక్క తోకో గీసేదాన్ని.
ముఖం దాకా వచ్చేసరికి పడవ కదిలేది.
అందుకేనేమో ఇప్పటికీ నా బొమ్మల్లో
అందరూ అటు తిరిగే ఉంటారు.
ఎడిన్‌బరో నుంచి వచ్చినావిడ ఒకరు
ఇందులో గొప్ప ఎడబాటు ఉందన్నారు.
ఉందేమో.
కింద చీటీ మీద నేను రాసింది మాత్రం
"పది గంటల పడవ, నూట ఇరవై పౌండ్లు."

మంగళవారాలు ఆరుగురం కూడతాం. హీటర్ ఒక్కటే.
దాని పక్కన ఎవరు కూర్చోవాలన్నదే
కళ గురించి మాలో జరిగిన అతి పెద్ద తగాదా.
ఎర్లెండ్ ఇరవై ఏళ్ళుగా ఒకే కొండ వేస్తున్నాడు,
ఇంకా కుదరలేదంటాడు.
కొండకీ తొందరేం లేదు.
ఇంగా తను వేసింది తనే చెరిపి
ఆ గుడ్డముక్కని భద్రంగా దాచుకుంటుంది.
సాల్మన్ ఫారంలో రాత్రి పని చేసే బ్రైస్
చేతులకి చేపల మేత వాసనతో వచ్చి
మూడు నెలలు ఏమీ వేయకుండా టీ కాశాడు.
తర్వాత ఒకరోజు కెటిల్ బొమ్మ వేశాడు.
ఆవిరి ఎలా వేయాలని అడిగాడు.
ఆరుగురం ఆరు రకాలుగా నీళ్ళు నమిలాం.

శనివారం నలభై మూడు మంది వచ్చారు,
అందులో సగంమందిని తెచ్చింది వానే.
ముందు బిస్కెట్లు అయిపోయాయి.
ఎర్ర చుక్కలు నాలుగు అంటించాం,
ఒకటి ఇంగా ఆడపడుచుది, దాన్ని లెక్కలో వేయకూడదు.
ఇంకొకాయన గోడ మీద తేమ మరక కొలత చెప్పి
దాన్ని కప్పేంత బొమ్మ ఉందా అన్నాడు.
ఉంది. ఇచ్చాను.
మరక కప్పడం కూడా పనే.

సాయంత్రం అవుతుండగా
పక్క ద్వీపం పెద్దాయన ఒకడు,
టోపీ నుంచి నీళ్ళు కారుతుండగా,
నా పడవ బొమ్మ ముందు చాలాసేపు నిలబడ్డాడు.
"ఇది మా తమ్ముడిది" అన్నాడు.
నేను సంతోషించబోయాను.
"తాడు నీలం కాదు. నారింజ."
ఆ మూల చల్లగా ఉండాలనీ
అక్కడ వెచ్చటి రంగు పడితే బరువు ఒరిగిపోతుందనీ
బడిపిల్లకి చెప్పినట్టు చెప్పాను.
ఓపిగ్గా విన్నాడు.
"నీళ్ళలో పడ్డా కనబడాలని నారింజ కొన్నాడు."
అంతే. టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు.
ఊరు అడగలేదు, పేరు అడగలేదు.

రాత్రి గోదాం మూశాక వాదన.
బొమ్మలో తాడు తాడు కాదు, గీత, అన్నాడు ఎర్లెండ్.
అబద్ధం అబద్ధమే, అంది ఇంగా.
బ్రైస్ కప్పులు కడుగుతూ
"మీకు తెలియక తప్పు వేశారా, తెలిసి వేశారా?" అన్నాడు.
తెలిసే.
రేవులో ఆ తాడుని వెయ్యిసార్లు దాటాను నేను.

గోడ మీదుండగానే నారింజ వేశాను.
చెడింది.
చూపు తిన్నగా ఆ తాడు మీదికే పోతోంది.
పడవా, ఆకాశం,
పది వారాలు వెతికి పట్టుకున్న ఆ బూడిద రంగూ
ఎవరి కంటా పడటం లేదు.
కనబడాలనేగా కొన్నాడు.

ఆదివారం మూసేదాకా తలుపు వైపే చూశాను.
రాలేదాయన.
మేకులు పీకి, వంకరవి సుత్తితో సాగదీసి
వచ్చే ఏడాదికి డబ్బాలో వేశాం.
బొమ్మ ఇంకా తడిగా ఉంది,
దేనికీ ఆనకుండా ఇంటిదాకా మోసుకొచ్చాను.

మంగళవారం వెళ్ళేసరికి
హీటర్ పక్క కుర్చీ ఖాళీగా ఉంది.
ఎవరూ ఏమీ అనలేదు.
కూర్చున్నాను.