అడుగున చిన్న అక్షరాల్లో

ముప్పై ఒక్క ఏళ్ళు ఆమెకు పెట్టెలు మోశాను.
పేరు ఇసొబెల్ గార్బట్. నాకు మాత్రం చాలాకాలం
పదిహేడో నంబరు బల్ల.
కిటికీకి వీపు పెట్టి కూర్చునేది,
వెలుతురు కాగితానికి కావాలి, నాకు కాదు అనేది.

లండన్ పడమటి అంచున మా దస్తావేజుల గది.
ఇక్కడ సిరా నిషిద్ధం, దగ్గు అనుమానాస్పదం.
నురుగు దిండు మీద ఫైలును పడుకోబెట్టి
సీసపు గుళ్ళ తాడు దాని గుండెల మీద వేసి
ఆమె వంగేది
జ్వరం చూసే నర్సులా.

మా నాన్న బార్బడోస్ నుంచి ఓడెక్కి వచ్చి
ఈ ఊళ్ళో బస్సు తోలాడు.
సామ్రాజ్యం సంగతి మాకొకళ్ళు చెప్పాలా?
ఒకసారి ఉండబట్టలేక అడిగాను,
రాణుల్నీ యుద్ధాల్నీ వదిలేసి ఈ జీతాల పట్టీలెందుకండీ అని.
"అబద్ధమాడేవాడు ఉత్తరం రాస్తాడు.
పట్టీలో అబద్ధమాడే తీరిక ఎవరికుంటుంది?"
పెట్టె మూసేటప్పుడు తనే దిద్దుకుంది:
"ఉంటుంది. కాకపోతే కూడికలో దొరికిపోతుంది."

ఆమెది మిడిల్స్‌బరో. తండ్రి ఉక్కు కొలిమిలో.
ఆ ఊళ్ళో సాగిన పట్టాలు ఏ ఎడారిలో పరిచారో,
ఎవరు పరిచారో, పరుస్తూ పరుస్తూ ఎందరు
పట్టా కింద దిమ్మలై మిగిలారో,
అదీ ఆమె వెతుకులాట.
మొదటి పుస్తకానికే పదకొండేళ్ళు.
ఆమె పాఠం విన్న కుర్రాళ్ళు
టీవీల్లో ఓడరేవుల ముందు నిలబడి చేతులు తిప్పారు.
ఆమె హల్ నుంచి తెల్లవారుజాము రైలెక్కి
చల్లారిన శాండ్‌విచ్‌తో ఇక్కడికే వచ్చేది.

కొన్ని పెట్టెల్లో ఫైలు ఉండేది కాదు.
పసుప్పచ్చ చీటీ ఒకటి: తగలబెట్టడమైనది.
తేదీ. పొడి సంతకం.
ఆ చీటీని అరగంట చదివేది.
బూడిదక్కూడా రసీదు రాసుకున్నాం చూడండి, అని నవ్వేది.
ఆ నవ్వు నాకు నచ్చేది కాదు.

తొంభై ఎనిమిది నవంబరు, మంగళవారం.
తూర్పు ఆఫ్రికా రైలు దారి, జరిమానాల పుస్తకం.
నీళ్ళు ఆలస్యంగా తెచ్చినందుకు రెండణాలు.
జ్వరమని అబద్ధమాడినందుకు నాలుగు.
ఆ నాలుగణాల మనిషి మూడు రోజులకు
చచ్చినవాళ్ళ జాబితాలో.
ప్రతి పుట అడుగునా గుమాస్తా సంతకం: హెచ్. గార్బట్.
మొదటి అక్షరం తోక చివరి అక్షరం దాకా సాగి ఉంది.
ఆ తోక ఆమెకు తెలుసు.
ఇంట్లో బైబిలు అట్ట లోపల
పిల్లల పుట్టినరోజులు రాసిన చెయ్యి అది.

ఆ పూట పెన్సిలు మూడుసార్లు చెక్కుకుంది,
ఒక్క ముక్కా రాయలేదు.
సాయంత్రం "రేపటికి ఉంచండి" అంది, అంతే.

కడుపు చించుకుంటే కాళ్ళ మీదే పడుతుంది.
పడనిచ్చింది.
మూడో పుస్తకం, రెండువందల పద్నాలుగో పుట.
జ్వరం అబద్ధం కాదని పైన పెద్ద అక్షరాల్లో
ఆ కూలీ పేరు, కర్మ్‌దీన్, తండ్రి పేరుతో సహా.
అడుగున చిన్న అక్షరాల్లో, ముప్పై ఆరో సూచిక:
ఈ గుమాస్తా ఈ రచయిత్రికి తాత.
ముందు విశేషణం లేదు, వెనక క్షమాపణ లేదు.

సమీక్షకులెవరూ అంత కిందికి దిగలేదు.
చూసింది మేనత్త హిల్డా ఒక్కతే,
ఇంటిపేరు కోసం పుస్తకాన్ని వెనకనుంచి తిప్పే మనిషి.
క్రిస్మస్ కార్డులు ఆగిపోయాయి.
ఇది ఆమె నాకు చెప్పింది లిఫ్టులో, రెండంతస్తుల మధ్య.

యూనివర్సిటీలో వీడ్కోలు సభ శుక్రవారం జరిగిందట,
గడియారం ఇచ్చారట.
సోమవారం తొమ్మిదింటికి గుమ్మంలో ఉంది.
ఇంకేం మిగిలిందండీ అన్నాను.
"పాత లెక్కలో కూడిక తప్పింది.
ఇద్దర్ని తక్కువ వేశాను."

నేను పెట్టె తెచ్చేసరికి
పెన్సిలు చెక్కుకుని ఉంది.