గేజీ పుస్తకం

సాయంత్రం ఆరు నుంచి పదిదాంక టర్బైను తిరగాలె.
అందుకని పగలంత కాల్వను బిగబట్టి ఉంచుతం,
చేపుకొచ్చిన బర్రె ముంగట దూడను కట్టేసినట్టు.

గంట గంటకు రాస్త:
మట్టం. లోడు. సంతకం.
పుస్తకంల మూడే గడులు.

ఇక్కడ ఇడిచిన నీళ్లు
తూములన్ని దాటి, పరకాల అవతల
మా అక్క మడికి చేరాల్నంటే
రెండు రాత్రులు, నడుమ ఒక పగలు.
హన్మకొండల ఎవరో ఇస్త్రీపెట్టె పెట్టిన గంట
అక్కడ తెల్లారంగ అలయి వస్తది.
అప్పటికి వంతు వేరేటోళ్లది.
కొంరవ్వ వంతు మాపటీలి.
ఆ యాళ్లకు కాల్వ అడుగున
పచ్చి బురద, కొంగల అడుగులు.

లష్కర్ ఓదెలు ఫోన్ చేస్తడు:
"షట్టర్ మొత్తం లేపిన సారూ,
నీళ్లే లేనంక
లేపితేంది, దించితేంది?"
తిట్లు ముందుగాల ఆయనకే పడుతయి.

అక్క తిట్టదు.
"వరి పొట్ట మీదుందిరా" అంటది.
అంతే. ఫోన్ పెట్టెయ్యది.
అవతల ఎండుటాకులు రాసుకున్నట్టు చప్పుడు.
సిగ్నల్ గావచ్చు.

ఫాల్గుణంల ఒక మంగళారం
పొద్దుగాల పది గంటలకు
పక్కదారి గేటు ఎత్తిన.
సాయంత్రానికి తిప్పుదామంటే నీళ్లు లెవ్వు.
పుస్తకంల రాసిన:
"జాలీకి గుర్రపుడెక్క అడ్డం పడ్డది."
జాలీకి ఒక రబ్బరు చెప్పు,
కొబ్బరి పీసు తప్ప ఏం లేకుండె.

ఆ రాత్రి చానా ఊర్లకు కోత.

తెల్లారి మాపటీలి అక్క ఫోన్:
"వచ్చినయిరా! మోకాలి బంటి!
ఒడ్డు తెగుతదని చీరకొంగు చెక్కుకొని మన్ను ఏసిన."
నవ్వింది. ఎన్నేండ్లయిందో ఆ నవ్వు విని.
మల్ల మెల్లగ అన్నది:
"నిన్న రాత్రి కరెంటు లేక సారంగం బోరు నడ్వలే.
వాళ్ల మక్క పాలు పడుతున్నదిరా.
ఒడ్డు మీద కూసోని నా నీళ్లనే చూస్తున్నడు,
మాట్లాడుత లేడు."

నాకేం చెప్పాల్నో తెల్వలే.
ఆయనకు రెండు మళ్లకు పెట్టుమన్న.
"పెట్టిన, నువ్వు చెప్పేదాంక ఆగుతనా" అన్నది.

శుక్రారం ఇంజినీరు వచ్చిండు.
పుస్తకం తిరగేసి తిరగేసి
గుర్రపుడెక్క కాడ ఏలు పెట్టిండు.
కిటికీలకెళ్లి కాల్వ దిక్కు చూసిండు.
ఎక్కడి నుంచి ఎక్కడిదాంకనో,
పచ్చటి ఆకు ఒక్కటి లేదు.

"మల్ల పడుతదా?" అన్నడు.

ఎండలు ముదిరితే పడుతది సార్, అన్న.

సంతకం పెట్టలే. పుస్తకం మూయలే.
ఆరయింది.
చక్రం మీద చెయ్యేసిన.