డిక్కీ కింది గుంట

సారు కొత్త బండికి స్టెప్నీ లేదు.
డిక్కీలో చాప ఎత్తి చూశాను.
గుండ్రటి గుంట,
అందులో ఒక నురుగు డబ్బా, ఒక గొట్టం,
నాకు చదవడం రాని భాషలో ఒక పుస్తకం.

"గాలి మొత్తం పోయినా ఎనభై కిలోమీటర్లు పోతుంది,
దిగే పనే ఉండదు,"
నెల్లూరు షోరూము కుర్రాడు
టైరు చెంప తట్టి చూపించాడు,
సంతలో గేదె పిర్ర తట్టినట్టు.

ఎనభై.
వేళ్ళ మీద లెక్కేసుకున్నా.
కావలిలో గుచ్చుకుంటే ఒంగోలు చేరుస్తుంది.
సీతారామపురం కొండల్లో అయితే
ఉదయగిరి దాకా సరే,
నెల్లూరు రాదు.
ఎనభై ఒకటో కిలోమీటరుకి
పుస్తకంలో బొమ్మ కూడా లేదు.

తెట్టు కాడ కాలేషా వేలు పెట్టి నొక్కి చూశాడు.
"ఇది టైరు కాదు చెంచన్నా, బండ.
లివరు దిగదు.
కోసుకుంటే పారెయ్యడమే,
ఒక్కోటి నా అంగడికి మూడు నెల్ల బాడుగ."
అంటానే, ఎవురిదో స్కూటరు ట్యూబు
నీళ్ళ తొట్లో ముంచి బుడగల కోసం చూస్తా ఉండాడు.

కాదనను, పెంచలయ్య ఉన్నాడు.
సింగరాయకొండ దాటాక, తెల్లారుజామున,
రోడ్డు వారన జాకీ పెట్టి కూర్చున్నాడు.
చీమకుర్తి రాయి ఎత్తుకొచ్చే లారీ
బండిని తాకలేదు.
మూడో నట్టు వాడి గుప్పిట్లోనే ఉండింది.
దిగే పని లేని టైరు ఆ పొద్దు ఉండుంటే
ఈ మాట వాడే చెప్పేవాడు, నాకంటే బాగా.

ఇంకో రాత్రి కూడా ఉంది.
రామాయపట్నం అడ్డరోడ్డులో
రొయ్య పిల్లల సంచులేసుకున్న సుమో ఒకటి కుంటి నిలబడింది.
"ఆక్సిజన్ తెల్లారే దాకే అన్నా" అన్నాడు పిల్లోడు.
నాదీ సుమోనే. అవే నట్లు.
పేరు అడక్కుండా స్టెప్నీ దించి ఇచ్చేశా,
ఇంటికి పొయ్యేదాకా
ప్రతి గుంతకూ గుండె అదిరింది.
పదకొండో రోజు
కాలేషా అంగడి గోడకు ఆనించి ఉండాది,
ప్యాచీ వేయించి, గాలి కొట్టించి,
సబ్బు పెట్టి కడిగి.
అంత శుభ్రంగా నా టైరును నేనెప్పుడూ చూళ్ళేదు.

చక్రానికే అతుక్కున్న ధైర్యాన్ని
విప్పి ఎవురికిస్తాం?

"ఏంది చెంచయ్యా, ఆలోచిస్తా ఉండావు?"
వెనక నుంచి సారు.
ఏం లేదు సార్.

గుంటలో ఇప్పుడు అమ్మగారు
ఉలవపాడు మామిడికాయలు పెడతారు.
మలుపు తిరిగినప్పుడల్లా అవి దొర్లుతాయి,
స్టెప్నీ బోల్టు వదులైందేమోనని
నా చెయ్యి గేరు మీద ఆగుతుంది.

పాత స్పానరు నా సీటు కిందే పెట్టుకున్నా.
ఈ బండి నట్లకి అది పట్టదు.
తెలుసు.