వంతు

మా ఫ్రీస్‌లాండ్‌లో కొండల్లేవు.
గాలే మాకు కొండ,
ఎటు తిరిగినా ఎదురొచ్చే కొండ.

తెల్లారి ఐదింటికి
ముద్రల అట్ట మెళ్లో వేసుకుని బయల్దేరాం.
పదకొండు ఊళ్లు, పదకొండు ముద్రలు,
రెండు వందల ముప్ఫై చిల్లర కిలోమీటర్లు.
ఒక్క ముద్ర తగ్గినా పతకం లేదు.
పతకం ఏం చేసుకుంటానో నాకూ తెలీదు,
పోయినేటిది చెంచాల సొరుగులో ఉంది.

జున్ను ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టు నాది.
యాభై మూడేళ్ల మోకాళ్లు.
సైకిలు మా చెల్లెలు షౌక్యెది,
సీటు అరంగుళం ఎత్తెక్కువ,
దించుదామంటే బోల్టు తుప్పు.

రెండో ఊరు దాటాక
ఓ తొమ్మిదిమంది గుంపుకి తోకనయ్యాను.
పేర్లు అడగలేదు. వానకోట్లు, వీపులు.
ముందున్నవాడు గాలి తింటాడు,
మిగతావాళ్లం వాడి నీడలో దాక్కుంటాం.
గాలికీ నీడుంటుందని సైకిలెక్కితేనే తెలుస్తుంది.
అలిసిపోతే మోచెయ్యి ఒక్కసారి విదిలిస్తాడు,
పక్కకు తప్పుకుంటాడు, తర్వాతవాడి వంతు.
రోజంతా అదొక్కటే భాష.

నా ముందు ఓ ఆకుపచ్చ వీపు.
ఎడమ భుజం కాస్త వాలి ఉంది,
ఏళ్ల తరబడి పాలబకెట్లు ఒకే చేత్తో మోసినట్టు.
లోపలెక్కడో తెలిసింది.
తెలియనట్టే తొక్కాను.
అరవయ్యో కిలోమీటరు దగ్గర తల తిప్పి ముక్కు చీదాడు.
డౌవె.

మా పొలానికీ వాడి పొలానికీ మధ్య మురుక్కాలవ.
తీసిన పూడిక ఎవరి గట్టున పొయ్యాలన్న దగ్గర
పదకొండేళ్ల కిందట మాట ఆగింది.
నాలుగు బండ్ల బురద.
వాళ్లమ్మ పోయిన రోజు
చర్చి గేటు దాకా వెళ్లి తిరిగొచ్చేశాను.

ఈ చక్రం నాకొద్దనుకున్నాను.
రెండు గజాలు వెనక్కి తగ్గానో లేదో
గాలి నా పంతాన్ని నా గొంతులోకే కుక్కింది.
మళ్లీ వెళ్లి ఆ వీపు చాటునే నక్కాను.
సిగ్గు లేదా అంటే, ఉంది.
ఊపిరే లేదు.

సముద్రపు కట్టమీద గొర్రెలు
మమ్మల్ని చూస్తూ నములుతూనే ఉన్నాయి.
ఒక ఊళ్లో ముసలామె గుమ్మంలో కుర్చీ వేసుక్కూచుని
కీరా ముక్కలు ఉప్పు చల్లి పంచుతోంది.
వాడు రెండు తీసుకున్నాడు.
ఒకటి వెనక్కి చాచాడు, చూడకుండా.
ఎవరున్నారో తెలిసే చాచాడా?
నేనైతే తిన్నాను.

ఇంకో గంటకి వంతెన లేచింది.
ఎర్రదీపం, గంట,
దారి నిట్టనిలువునా ఆకాశంలోకి.
కింద తెరచాప పడవ, దానికేం తొందర.
వంతెన కాపరి గాలపు కర్రకి కట్టిన చెక్కజోడు దించి
అందులో సుంకం వేయించుకుంటున్నాడు.
పొద్దుణ్నించి వీపులుగా ఉన్నవాళ్లంతా
ఒక్కసారిగా మొహాలయ్యారు.

డౌవె నన్ను చూశాడు.
పదకొండేళ్లు అతని కళ్లకింద కూడా
తవ్వుకుంటూ వచ్చాయి.

"పడమటి గాలి" అన్నాడు.
"వాయవ్యం" అన్నాను.
జెండా వంక చూసి, కాసేపు ఆలోచించి,
"వాయవ్యమే" అన్నాడు.

ఇంత మాట ఆనాడు కాలవ దగ్గర అని ఉంటే...
పోనీ, నేనన్నానా?

వంతెన దిగింది. పలకలు ధడధడలాడాయి.
అవతల చెట్టన్నది లేని దారి.
అతని మోచెయ్యి విదిలింది.
ముందుకెళ్లాను.

మామూలుగా నాలుగు నిమిషాలకే
నా వంతు అయిపోయిందంటాను.
ఈసారి చెయ్యి విదల్చలేదు.
కళ్లల్లో నీళ్లు గాలివే.
వెనక జానెడు దూరంలో
నూనె లేని గొలుసు కిర్రుమంటూనే ఉంది,
వదలకుండా.

ఆఖరి ముద్ర వానకి అలుక్కుపోయింది.
అయినా ఒప్పుకున్నారు.

శరత్తులో నీటిబోర్డు నుంచి కాగితం వస్తుంది,
కాలవ తవ్వుకోమని.
బురద మళ్లీ నాలుగు బండ్లుంటుంది.
ఎవరి గట్టునో
ఇంకా తేలలేదు.